బుధవారం సంత, రెండు టూరు కాగితాలు

దుకాణంలో పనిచేసే కుర్రాడికి జ్వరమని రాత్రే కబురొచ్చింది. దాంతో ఈవేళ మా ఒడిశా రాయగడ జిల్లాలోని చాటికోన సంతకి నేనే ఎక్కాల్సి వచ్చింది. నాలుగున్నరకి లేచి, అత్తయ్యగారికి ఇడ్లీలు వేసి మూతపెట్టి, మా ఇద్దరికీ రెండు డబ్బాల్లో పులిహోర సర్దుకునేసరికి అయిదున్నర. ఈయన అప్పటికే పికప్ వ్యానులో బట్టల మూటలు, దారం పెట్టెలు ఎక్కించేసి హారన్ కొడుతున్నారు. వచ్చే మాఘానికి మా పెళ్ళై పాతికేళ్ళు. ఈ హారన్ కొట్టడం మాత్రం మానలేదు.

చేతిసంచిలో రెండు కాగితాలు పెట్టుకున్నాను. అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్లో పంపినవి. ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాక, జిరాక్స్ షాపులో అచ్చు తీయించాను. రెండూ వియత్నాం టూర్లే. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఎక్కడికైనా వెళ్ళిరండి, సగం డబ్బు నేనిస్తాను అంది. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే తనే ఒకటి బుక్ చేసేస్తానని బెదిరింపు కూడా.

రాయగడ దాటాక దారంతా మంచు, చినుకు. ఈయన బండి నడుపుతుంటే నేను పైకి చదివాను. మొదటిది ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు. హనోయ్, హాలాంగ్ బే, అక్కణ్ణించి విమానంలో డానాంగ్, చివర హో చి మిన్ సిటీ. రోజూ రెండుపూటలా ఇండియన్ భోజనం. కొండమీద రెండు పెద్ద చేతులు పట్టుకున్నట్టు కట్టిన బంగారు రంగు వంతెన ఉందే, 2018లో తెరిచారు, మన ఊరి పెళ్ళి వీడియోల వాళ్ళు కూడా దాని బొమ్మ వెనకాల పెట్టేస్తున్నారు, అది ఇందులో ఉంది. హోయ్ ఆన్ దగ్గర మీ సన్ అనే చోట శివాలయాలూ ఉన్నాయి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టినవి. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు అక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడట. 1969లో అమెరికా బాంబులకి పెద్ద గుడి కూలిపోయింది, 1999లో మిగిలినదాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. రాత్రి ఈ సంగతి చెబితే అత్తయ్యగారు ఒకటే మాటన్నారు. “శివుడు అంతదూరం వెళ్ళగా లేంది, మీరు వెళ్ళడానికేం?”

రెండోది ఎనిమిది రాత్రులు. హనోయ్ నుంచి పైకి, ఉత్తరాన కొండల్లోకి. సాపా, చుట్టుపక్కల ఊళ్ళు, రెండు రాత్రులు ఊరివాళ్ళ ఇంట్లోనే బస, ఆదివారం బాక్ హా సంత. సముద్రం లేదు, గుడి లేదు, బంగారు వంతెన లేదు. మనిషికి పద్నాలుగు వేలు ఎక్కువ.

“తక్కువ చూపించి ఎక్కువ తీసుకునేవాడు ఎవడే?” అన్నారు ఈయన. వ్యాపారి లెక్క కదా.

నా లెక్క వేరే. రెండు కాగితాల మీదా ‘స్మాల్ గ్రూప్’ అని ఉంది. రెండోదాంట్లో ఎనిమిది మందికి మించరని రాసుంది, ఒకే వ్యాను. మొదటివాళ్ళకి నిన్న ఫోన్ చేసి ఎంతమంది బాబూ అనడిగితే, “ముప్పై లోపేనండీ, ఫ్యామిలీ లాగా ఉంటుంది” అన్నాడు. ముప్పైమంది ఫ్యామిలీతో నేను ఒకసారి వెళ్ళొచ్చాను. నాలుగేళ్ళ కిందట దక్షిణాది యాత్ర. మదురైలో గుడికి నలభై నిమిషాలు అన్నాడు గైడు, అందులో పాతిక చెప్పులు పెట్టే దగ్గరే అయిపోయాయి. జెండా కర్ర పట్టుకుని వాడు ముందు, మేము వెనక. అమ్మవారి ముఖం కన్నా ఆ జెండా కర్రే నాకు బాగా గుర్తు. వచ్చేటప్పుడు నా చెప్పులు దొరక్క వట్టికాళ్ళతో బస్సెక్కాను. బస్సు ఆగదు కదా, ఫ్యామిలీ మొత్తం ఎదురుచూస్తోంది.

చాటికోన చేరేసరికి చినుకు ఆగింది. బరకం కట్టి, దారాలు ముందు వరసలో, దుప్పట్లు వెనక పెట్టాం. నియమగిరి కొండల మీద నుంచి డోంగ్రియా తెగవాళ్ళు అప్పటికే దిగుతున్నారు. ఈ నెలలో అనాసపళ్ళు, పనసకాయలు. ఊరి మొదట్లోనే దళారీలు ఎదురెళ్ళి తట్టలు పట్టుకుంటారు, ధర అడక్కముందే నోటు చేతిలో పెడతారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. మేమేం పెద్ద ధర్మరాజులం కాదులెండి, కానీ దారం లచ్చ ధర మాత్రం ఎవరికైనా ఒకటే.

ఈ దారం సంగతి రాయాలి. డోంగ్రియా ఆడవాళ్ళు కప్డాగండా అని ఒక శాలువా కుడతారు. మోటు తెల్లగుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో, వరసలు వరసలుగా. త్రికోణాలుంటే అవి నియమగిరి కొండలు. పెళ్ళికాని పిల్లలు అన్నదమ్ములకో, మనసైన వాడికో కుట్టి ఇస్తారు. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సొంత సరుకు అనే ముద్ర, వచ్చింది. అప్పట్నించీ భువనేశ్వర్ నుంచి కూడా అడిగేవాళ్ళు పెరిగారు.

ఈవేళ మొదటి బేరం ఒక ముసలమ్మది. జుట్టు నిండా పిన్నులు, ఒక పక్క చిన్న కత్తి, ముక్కుకి మూడు పోగులు. “కేతే, అపా?” అంది. ఒడియాలో అపా అన్నా, మా సిక్కోలు వైపు అప్పా అన్నా అక్కే. ఆ మాట ఎప్పుడు విన్నా మా పుట్టింటివాళ్ళు పిలిచినట్టే ఉంటుంది, అందులోనూ ఆవిడ నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దది. ఎర్ర లచ్చ తీసి కొస నోట్లో తడిపింది. నా తెల్ల దుప్పటి అంచు మీద పెట్టి బొటనవేలితో గట్టిగా రుద్దింది. గులాబీ రంగు చార దిగింది. ఏమీ అనకుండా లచ్చ వెనక్కి పెట్టేసి ఇంకోటి తీసుకుంది. అదీ రుద్దింది. దిగలేదు. అప్పుడు ఆరు లచ్చలు కొంది. దుప్పటి అంచు మీద ఆ గులాబీ చార అలాగే ఉంది, ఇంక దాన్ని తక్కువకే అమ్మాలి. రంగు దిగే సరుకు పంపిన విజయనగరం హోల్‌సేల్ అతన్ని రేపు కడిగేయాలి.

పది దాటాక సంత పల్చబడింది. పులిహోర డబ్బా విప్పి, రెండో కాగితం మళ్ళీ తీశాను. బొమ్మలో అక్కడి కొండల్లో ఉండే హ్మాంగ్ తెగ ఆడవాళ్ళు, నీలిమందు రంగు గుడ్డలు. జనపనార లాంటి నారతో నేస్తారట, తేనెమైనంతో గీతలు గీసి నీలిలో ముంచుతారట. ఆ రంగు చేతులకి అంటుకుని రోజుల తరబడి వదలదట. నాకు ఆ చేతులు చూడాలనుంది. ఈ ముసలమ్మ దారం రుద్దినట్టు వాళ్ళేం చేసి చూసుకుంటారో, ఏ గుడ్డకి మంచిదంటారో, దేనికి పెదవి విరుస్తారో. వియత్నాంలో 54 జాతులట. మా ఒడిశాలో అరవైకి పైనే తెగలు. లెక్క చూస్తే వాళ్ళే మనింటికి రావాలి.

అలా చూడ్డానికి వచ్చేవాళ్ళు ఉండేవారు కూడా. మా పెళ్ళైన కొత్తలో ఇదే సంతకి జీపుల్లో తెల్లవాళ్ళు దిగేవారు. ఒకసారి ఒకతను పెద్ద కెమెరా పట్టుకుని, దారం ఎంచుకుంటున్న పిల్ల చెవి దగ్గరికి లెన్సు పెట్టేశాడు. చెవిపోగుల ఫోటో తీసుకోవడానికి. ఆ పిల్ల శాలువా ముఖం మీదికి లాక్కుంది. గైడు పదిరూపాయల నోటు ఆమె ఒళ్ళో పడేశాడు. ఆ పిల్ల నోటు తీసుకోలేదు, లచ్చలు అక్కడే వదిలేసి లేచిపోయింది. నేను ఆ గైడుకి నీళ్ళ సీసా అమ్మాను. చిల్లర లేదంటే నవ్వి, తర్వాతివ్వండి అన్నాను కూడా. 2012లో ఒడిశా ప్రభుత్వం ఇలాంటి తెగల దగ్గరికి వచ్చే టూరిస్టుల మీద, ఫోటోల మీద ఆంక్షలు పెట్టాక జీపులు తగ్గాయి.

ఇప్పుడు డబ్బులిచ్చి నేనే జీపెక్కి బాక్ హా వెళ్తాను. అక్కడ దారాలమ్మే ఆవిడ నన్నెలా చూస్తుంది? ఈ మాట ఈయనతో అంటే, “నీకు కెమెరా పట్టుకోవడమే రాదు, దేనికి టెన్షన్?” అన్నారు. నిజమే. నేను తీసిన ప్రతి ఫోటోలోనూ నా వేలు ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా అప్పుడే పట్టుకున్నాను. కాగితం మీద సాపా మెట్ల మడులు పచ్చిపసుపు ముద్దలా మెరిసిపోతున్నాయి. పంట కోతకొచ్చిన రంగది. వాళ్ళకి ఆ రంగు సెప్టెంబరులో. కొండల్లో చలి వల్ల ఏడాదికి ఒకటే వరి పంట. మేం వెళ్దామనుకున్నది జనవరిలో, పెళ్ళిరోజు దగ్గర్లో. జనవరిలో కొండమడులు ఎలా ఉంటాయో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, కోరాపుట్ దారిలో ఏటా చూస్తూనే ఉన్నాను. కోసిన మొదళ్ళు, బూడిద రంగు మట్టి. పైగా సాపా పదిహేను వందల మీటర్ల ఎత్తు. ఆ నెలలో పొగమంచు దిగితే ఎదుటి మనిషే కనపడడు, ఇక లోయేం కనిపిస్తుంది? హాలాంగ్‌లో కూడా అప్పుడు మబ్బూ చలీనే. వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ కూడా జనవరి నెలాఖరుకో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఆ రోజుల్లో చాలా దుకాణాలు మూసేసి ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోతారు. మన సంక్రాంతి లాగే.

ఈ ముక్క రెండు కాగితాల్లోనూ లేదు. ఏ నెలకైనా అదే బొమ్మ.

సెప్టెంబరు మాకు కుదరదు. దసరా సరుకు దింపుకునే టైము. వానలూ ఎక్కువే, 2024 సెప్టెంబరులో యాగి తుఫానుకి సాపా ఉన్న లావ్ కాయ్ ప్రాంతంలోనే కొండ విరిగి ఒక ఊరి మీద పడింది. మిగిలింది మే నెలాఖరు, జూన్ మొదలు. అప్పుడు మడులకి నీళ్ళు కట్టి నాట్లకి సిద్ధం చేస్తారట, మడికో అద్దం పెట్టినట్టు ఉంటుందట. మాకూ పెళ్ళిళ్ళ హడావుడి తగ్గే రోజులే. అయితే పెళ్ళిరోజు మాఘంలో, ప్రయాణం జ్యేష్ఠంలో. “పాతికేళ్ళు ఆగినవాళ్ళం, నాలుగు నెలలు ఆగలేమా?” అన్నారు ఈయన. సముద్రం వదులుకుంటారన్న ఆశ నాకు అక్కడే కలిగింది.

రెండు గంటలకి ఇంటికొచ్చి, వేడినీళ్ళు పోసుకుని, రెండో టూరువాళ్ళకి ఫోన్ చేశాను. విశాఖ అమ్మాయి ఎత్తింది, మాట నెమ్మది. జూన్ మొదట్లో ఒక బ్యాచ్ ఉందంది. వీసా ఆన్‌లైన్లోనే, ఒకసారి వెళ్ళిరావడానికి 25 డాలర్లు. కోల్‌కతా నుంచి హనోయ్‌కి విమానం. అవన్నీ రాసుకున్నాను.

“బాక్ హా సంతలో ఎంతసేపు ఆపుతారమ్మా?”

“నలభై అయిదు నిమిషాలు మేడం. తర్వాత లంచ్.”

“మూడు గంటలు కావాలి.”

కాసేపు చప్పుడు లేదు. “అంతసేపు అక్కడేం చేస్తారు మేడం? కూరగాయలూ గేదెలూ, మామూలు సంతే.”

“నాదీ సంతలో దుకాణమేనమ్మా” అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఎనిమిది మందే కాబట్టి మిగతా ఆరుగురిని అడిగి చెప్తానంది. ముప్పైమంది అయితే ఎవర్నని అడుగుతుంది? పద్నాలుగు వేలు ఎక్కువ ఎందుకో నాకు అక్కడ అర్థమైంది. ఈయనకి అర్థమయ్యేలా చెప్పడం ఇంకా మిగిలే ఉంది.

ఎందుకంటే ఈయన అసలు భయం కొండలూ కాదు, డబ్బూ కాదు. తిండి. ఆ దేశంలో నుయెక్ మామ్ అని చేపల ఊటతో చేసిన సాసు, ఆకుకూరలో కూడా పోస్తారు. ఊరివాళ్ళింట్లో బస అంటే వాళ్ళు పెట్టిందే తినాలి. ఆవ పెట్టిన కంద బచ్చలి లేకపోతే రెండోపూటకే ముఖం ముడుచుకునే మనిషి. సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఇదే అడిగారు.

“నాన్నా, అక్కడ శాకాహారాన్ని చయ్ అంటారు. మన చాయ్‌కి దగ్గర్లోనే ఉంటుంది. ఆన్ చయ్ అంటే నేను శాకాహారం తింటాను అని. అక్కడి బౌద్ధులు చాలామంది పున్నమికీ, చాంద్రమాన నెల మొదటిరోజుకీ మాంసం ముట్టరు. అందరికీ తెలిసిన మాటే.”

“చాయ్ అడిగితే కూర పెడతారన్నమాట.”

“మరి చాయ్ కావాలంటే?” మళ్ళీ ఈయనే అడిగారు.

“ట్రా అనాలి నాన్నా.”

ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. భోజనాలయ్యాక లెక్కలు చూసుకోడానికి కూర్చున్నారు. పదిన్నరకి దీపం ఆర్పడానికి వెళ్ళి చూద్దును కదా, ఖాతా పుస్తకం అలాగే తెరిచి ఉంది. ఈవేళ్టి పేజీలో పైన, బిస్సం కటక్ టైలరు బాకీ, ఎర్ర లచ్చలు నలభై. దాని కింద, పెద్ద అక్షరాలతో, రెండు సార్లు గీత కొట్టి రాసుకున్నారు: ఆన్ చయ్. చేప వద్దు. చేప నీళ్ళు కూడా వద్దు.