మోకాలికి మొహమాటం

మా అబ్బాయికి 17 ఏళ్లు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. బాస్కెట్‌బాల్ ఆడుతూ ఎగిరి దిగగానే మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. అర్జెంట్ కేర్‌లో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణుకేనని క్రచెస్ ఇచ్చి పంపారు.

నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతని వాణ్నే అడిగారు. ఇక్కడ ఆ వయసు పిల్లల్ని నేరుగా అడుగుతారు, మంచి పద్ధతే. వీడు ‘మూడు’ అన్నాడు. మన ఇళ్లలో ఓర్చుకునేవాడే బుద్ధిమంతుడు. ఇక్కడి ఆటల్లో నొప్పిని లెక్కచేయనివాడే మొనగాడు. రెండూ కలిసి వాడి నోరు కట్టేశాయి. కాలు చాచి పైకి లేపలేకపోతున్నానని వాడు చెప్పలేదు, లేపమని వాళ్లూ అడగలేదు.

గుట్టంతా అక్కడే ఉంది. మోకాలిచిప్పను కింది ఎముకతో కలిపే పటెల్లార్ టెండన్ పూర్తిగా తెగితే కాలు తిన్నగా లేపలేరు. చిప్ప పైకి జరిగిపోతుంది, వాపులో అది కనబడదు.

వాపు తగ్గాక కూడా మెట్ల మీద కాలు మడతపడిపోతుంటే సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆ టెండన్ తెగిందని ఎంఆర్ఐలో బయటపడింది. అప్పటికి నెల దాటింది. మొదటి 2-3 వారాల్లో అయితే తెగిన కొసను మళ్లీ ఎముకకు కుట్టేయొచ్చు. ఆలస్యమైతే తొడ కండరం చిప్పను పైకి లాక్కుని బిగుసుకుపోతుంది, కొసలు కుంచించుకుపోతాయి. అందుకే మావాడికి తొడ వెనక హామ్‌స్ట్రింగ్ టెండన్ తీసి, చిప్పకు రంధ్రం చేసి దూర్చి, కొత్తగా కట్టాల్సి వచ్చింది.

మా అమ్మ ముందు ఫోన్లో పుత్తూరు కట్టు కట్టించమంది, తర్వాత తనే విజయవాడ నుంచి వచ్చేసింది. మనవణ్ని మంచం దిగనిచ్చేది కాదు, ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఫిజియోథెరపిస్టేమో అన్నీ వాడే చేసుకోవాలంటారు. మడమ కింద టవల్ చుట్ట పెట్టి, తొడ బిగించి, మోకాలిని కిందికి నొక్కమన్నారు. మొదట్లో ఆ కండరం ఉలకలేదు, పలకలేదు. ఒకరోజు అమ్మ వాడి తొడ మీద చెయ్యేసి కూర్చుంది. “బిగిసింది నాన్నా, నా చేతికి తెలిసింది. ఇంకోసారి!” అంది. అప్పట్నుంచి లెక్కపెట్టే పని అమ్మదే.

ఇప్పుడు డాక్టర్ దగ్గర మావాడు అంకె చెప్పి ఊరుకోడు. “మెట్లు దిగేటప్పుడు కుడికాలు వణుకుతోంది, గొంతుక్కూర్చోలేకపోతున్నాను” అంటాడు. వాడు మర్చిపోయింది నేను అందిస్తాను. మళ్లీ ఆటలోకి దిగడానికి ఏడాది పట్టొచ్చన్నారు సర్జన్.