మెక్‌నమారా లెక్కలు, మామగారి ప్రశ్న

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం మా మామగారిని వెంటబెట్టుకుని బాగ్‌లింగంపల్లిలోని ఒక చిన్న హాలుకు వెళ్లాను. ఎరోల్ మోరిస్ 2003లో తీసిన ‘ది ఫాగ్ ఆఫ్ వార్’ అనే డాక్యుమెంటరీని ఆ రోజు అక్కడ వేశారు. మామగారు విద్యుత్ బోర్డులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. ఆయన ఇంగ్లీషు సంతకం వరకే. నేను చూసిన ఇలాంటి చిత్రాల్లో వేటికీ తెలుగు సబ్‌టైటిళ్లు లేవు కాబట్టి, దాదాపు రెండు గంటల పాటు ఆయన చెవిలో తెలుగు చెబుతూనే కూర్చున్నాను. వెనక వరుసలో ఒకాయన రెండు మూడుసార్లు దగ్గి తన అభిప్రాయం తెలియజేశాడు.

చిత్రంలో మాట్లాడేది దాదాపుగా ఒకే మనిషి. 1961 నుంచి 1968 వరకు, అంటే వియత్నాం యుద్ధం ముదిరిన కాలంలో, అమెరికా రక్షణమంత్రిగా పనిచేసిన రాబర్ట్ మెక్‌నమారా. చిత్రీకరణ నాటికి ఆయనకు 85 ఏళ్లు. మోరిస్ తన కెమెరాకు ఒక అద్దాల అమరికను తగిలించాడు. దానివల్ల లెన్స్ ఉండవలసిన చోట, జవాబు చెప్పే మనిషికి ప్రశ్న అడిగేవాడి ముఖం కనిపిస్తుంది. ఆయన దర్శకుడి కళ్లలోకి చూసి మాట్లాడుతుంటే, మనకు మాత్రం మన కళ్లలోకే చూసి సంజాయిషీ చెబుతున్నట్టు ఉంటుంది. టీవీ చర్చల్లో ఎటో చూస్తూ మాట్లాడే పెద్దమనుషులకు అలవాటుపడ్డ మనకు ఇది మొదట ఇబ్బందిగానే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన పని బాంబులు వేయడం కాదు, వేసిన బాంబులు ఎంత పని చేశాయో లెక్కగట్టడం. 1945 మార్చిలో టోక్యోలో ఒక్క రాత్రిలోనే లక్షమంది పౌరులు కాలి చనిపోయారని ఆయనే చెబుతాడు. తర్వాత జపాన్ నగరాలు ఒక్కొక్కటిగా వస్తాయి, వాటి పక్కన అంతేసి అమెరికన్ నగరాల పేర్లు పడతాయి. టోక్యో 51 శాతం నాశనమైంది, అది న్యూయార్క్ అంత ఊరు. టొయామా 99 శాతం. ఒకచోట విమానాల్లోంచి నగరం మీదికి బాంబులకు బదులు అంకెలు రాలుతుంటాయి. నా అనువాదంతో పనిలేకుండా మామగారికి అర్థమైన దృశ్యం అదే. “అంకెలు పడుతున్నాయేందయ్యా అల్లుడూ!” అన్నారు, కాస్త గట్టిగానే.

అదే లెక్కల మనిషి యుద్ధం ముగిశాక ఫోర్డ్ కార్ల కంపెనీలో చేరాడు. ప్రమాదంలో తల ఎలా పగులుతుందో తెలుసుకోవడానికి మనిషి కపాలాలను రకరకాలుగా చుట్టి, మెట్ల మధ్య ఖాళీలోంచి కిందికి వదిలిన పరీక్షల గురించి, సీటుబెల్టుల గురించి ఆయన ఎంతో హుషారుగా చెబుతాడు. 1960లో కంపెనీకి అధ్యక్షుడై, కొద్ది వారాలకే అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన కెనడీ పిలిస్తే రక్షణశాఖకు వెళ్లిపోయాడు.

కార్పొరేట్ పెత్తనం మీద, యుద్ధాల మీద వచ్చే డాక్యుమెంటరీల్లో చాలావాటితో నాకున్న పేచీ ఏమిటంటే, అవి బాధితుల కన్నీళ్ల దగ్గరే ఆగిపోతాయి, సంతకం జరిగిన బల్ల దాకా పోవు. అదే 2003లో కెనడాలో తీసిన ‘ది కార్పొరేషన్’ ఆ బల్లను వెతుక్కుంటూ వెళ్లిన చిత్రమే. చట్టం కంపెనీని ఒక వ్యక్తిగా గుర్తిస్తున్నప్పుడు ఆ వ్యక్తి స్వభావం ఎలాంటిదని అడిగి, మానసిక వైద్యులు రోగ లక్షణాలు గుర్తించడానికి వాడే జాబితాను ముందు పెట్టుకుని టిక్కులు పెడుతూ పోతుంది. ఎత్తుగడ తెలివైనదే గానీ, గంటన్నర దాటాక నాకు విసుగొచ్చింది. అందులో నా మనసులో ఉండిపోయింది ఒక చిన్న లెక్క. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారి రక్షణకు అమెరికాలో తెచ్చిన 14వ రాజ్యాంగ సవరణ కింద 1890–1910 మధ్య కోర్టు ముందుకొచ్చిన 307 కేసుల్లో 288 కంపెనీలవేనని, నల్లజాతివారివి 19 మాత్రమేనని చెబుతారు.

మెక్‌నమారా ఇరవై గంటలకు పైగా కెమెరా ముందు కూర్చున్నాడు. మన దగ్గర ఒక మంత్రిగానీ ఒక కంపెనీ అధిపతిగానీ ఇరవై నిమిషాలు అలా కూర్చుంటారా? అందుకే మనవాళ్ల కెమెరా ఎక్కువగా వీధిలోనే నిలబడుతుంది. 1984 నాటి హైదరాబాద్ మతకల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీశారు. పాతబస్తీలో పుట్టి పెరిగిన నా స్నేహితుల్లోనే చాలామంది దాని పేరు వినలేదు. అణ్వస్త్రాల మీద ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘జంగ్ ఔర్ అమన్’ సెన్సారు కోతల మీద బొంబాయి హైకోర్టు దాకా వెళ్లి గెలవవలసి వచ్చింది.

ఇక మోరిస్ వదిలేసిన సంగతి ఒకటుంది. 1968 నుంచి 1981 వరకు మెక్‌నమారా ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు. ఆ పదమూడేళ్లను చిత్రం దాదాపు తాకదు. హైదరాబాదులో ఉండేవాడికి అది చిన్న లోటు కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోలుగా విడదీశారు. ఆ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు తొలి విడతగా 21 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. మరుసటి ఏడాది కరెంటు చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న ‘చలో అసెంబ్లీ’ అంటూ కదిలినవారి మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. నేను అప్పట్లో నారాయణగూడలో ఒక దుకాణానికి లెక్కలు రాసేవాడిని. ఆ సాయంత్రం బస్సులు లేక ఖైరతాబాద్‌లోని గదికి నడిచి వెళ్తుంటే, లిబర్టీ చౌరస్తా దాటాక రోడ్డు పొడవునా ఒంటి చెప్పులు పడి ఉన్నాయి. అప్పటికి మెక్‌నమారా బ్యాంకు వదిలి దాదాపు ఇరవై ఏళ్లు. ఆ కాల్పులను ఆయన ఖాతాలో రాయడం అన్యాయమని నాకు తెలుసు. అయినా తెరమీద ఆయన శాతాలు చెబుతుంటే నాకు ఆ చెప్పులే గుర్తొచ్చాయి.

చివర్లో ఆయన కారు నడుపుతూ కనిపిస్తాడు. వియత్నాం విషయంలో మీకు బాధ్యత ఉందనిపిస్తుందా అని మోరిస్ అడిగితే, దాని గురించి ఇంకేమీ మాట్లాడదలచుకోలేదంటాడు. అంతకుముందు కెనడీకి సమాధి స్థలం ఎంచిన రోజు గురించి చెబుతూ గొంతు పూడుకుపోయినవాడూ ఆయనే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మామగారు అడిగారు. “మంత్రి పదవి పోయినంక ఏం చేసిండయ్యా?”

“ప్రపంచ బ్యాంకుకు పెద్ద అయ్యాడు మామయ్యా. పదమూడేళ్లు.”

రాంనగర్ చౌరస్తా దాటేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు.

“మా బోర్డుకు అప్పిచ్చిన బ్యాంకేనా?” అన్నారు.

“ఆ బ్యాంకే.”