దొంగ నొప్పులు, మా పాప అడిగిన ప్రశ్న

మొన్న రాత్రి రెండింటికి మెలకువొచ్చేసరికి పొట్టంతా రాయిలా బిగుసుకుపోయి ఉంది. నాకింకా 31వ వారమే, పెద్దదాని కాన్పప్పుడు ఇలాంటివి తెలీనే తెలీలేదు, అందుకే గుండె ఝల్లుమంది. అర నిమిషం ఉండి వదిలేసింది, తర్వాత 7 నిమిషాలకి ఇంకోటి, ఆ తర్వాత 15కి, మళ్ళీ 9కి, లెక్కేం కుదరట్లేదు. డాక్టరు గారి నైట్ లైన్‌కి ఫోన్ చేస్తే నర్సు ముందు రక్తం కనబడిందా, ఉమ్మనీరు పోతోందా, బేబీ కదులుతోందా అని అడిగింది, మొదటి రెండూ లేవు, బేబీ బాగానే కదులుతోంది అని చెప్పాక బాత్రూంకి వెళ్ళొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగి ఎడమవైపు తిరిగి పడుకో, ఇవి ప్రాక్టీస్ కాంట్రాక్షన్స్ అయ్యుంటాయి, కానీ గంటలో నాలుగైదు దాటితే మాత్రం 37 వారాలు నిండలేదు కాబట్టి వెంటనే ఫోన్ చెయ్యి అంది.

ఇక్కడ టెక్సస్‌లో రాత్రి రెండంటే తెనాల్లో మధ్యాహ్నం పన్నెండున్నర, అమ్మ అన్నం వండుతూ ఫోనెత్తింది. "దొంగ నొప్పులేలే తల్లీ, జీలకర్ర నీళ్ళు కాచుకుని తాగు, దొంగవైతే అణిగిపోతాయి, నిజమైనవైతే ఎక్కువవుతాయి" అంది. తాగాను, పడుకున్నాను, తగ్గాయి. నాకనిపించేదేంటంటే నర్సు చెప్పిందాంట్లో అమ్మ చెప్పిందాంట్లో పని చేసింది నీళ్ళే, ఒంట్లో నీళ్ళు తక్కువైనా మూత్రం ఆపుకున్నా ఇవి వస్తాయంట. అయితే అమ్మకి తెల్లారాక గట్టిగా చెప్పాను, రక్తం కనబడితేనో నీళ్ళు పోతేనో బిడ్డ కదలిక తగ్గితేనో కషాయం కాచుకుంటూ కూర్చోకూడదు, ముందు ఫోనే చెయ్యాలి అని.

పొద్దున మా ఐదేళ్ళది టిఫిన్ దగ్గర కళ్ళనిండా నీళ్ళతో "అమ్మా, రాత్రి దొంగ వచ్చాడా?" అంది. స్పీకర్లో విందన్నమాట. దానికి దొంగంటే అమ్మమ్మ కథల్లో గోడ దూకేవాడే కదా. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నువ్వు కళ్ళు మూసుకుని పడుకున్నట్టు చేస్తావే దాన్నేమంటాం అంటే "దొంగ నిద్ర" అని వెంటనే చెప్పింది. ఇదీ అంతేరా అన్నాను. కాసేపాలోచించి "కానీ నీకు నిజంగానే టైట్ అయింది కదా?" అంది.

అదే నాకు నచ్చింది. 1872లో జాన్ బ్రాక్స్టన్ హిక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు వీటి గురించి రాశాడు, ఆయన పేరే పెట్టారు. గర్భాశయం కండరం నిజంగానే బిగుస్తుంది, కాకపోతే కాన్పుకి గర్భాశయ ముఖం తెరుచుకోదు, గ్యాప్ తగ్గదు, తీవ్రత పెరగదు. నెలలు నిండాక 5 నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు ఆగకుండా వస్తే అవి అసలు నొప్పులు, రెండో కాన్పు కాబట్టి నన్ను ఇంకా ముందే ఫోన్ చెయ్యమన్నారు. పాపకి ఇదంతా చెప్పలేను కాబట్టి నర్సు మాటే చెప్పాను, బొజ్జ ప్రాక్టీస్ చేస్తోంది నాన్నా, నువ్వు కూచిపూడికి చేస్తావు చూడు అలా అని.

సాయంత్రం వీడియో కాల్లో అమ్మమ్మకి అదే ఎక్స్‌ప్లెయిన్ చేసింది, "బొజ్జ దొంగ ప్రాక్టీస్ చేస్తోంది అమ్మమ్మా" అని. రెండు మాటలూ కలిపేసింది, నేను సరిదిద్దలేదు. ఇప్పుడు నేను పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆగితే చాలు, తన స్కూల్ వాటర్ బాటిల్ పట్టుకొచ్చి మూత తీసి ఇస్తోంది, "దొంగదా, నిజందా అమ్మా?" అని అడుగుతూ.