క్రాస్ లింకింగ్ ప్రశ్నలకు నేను ప్రిపేర్ అయిన తీరు

లైఫ్ సైన్సెస్ ఎగ్జామ్‌కి చదువుతున్న ఫ్రెండ్స్, మెథడ్స్ యూనిట్‌లో కెమికల్ క్రాస్ లింకింగ్‌ని, అంటే దగ్గరున్న ప్రోటీన్లను రసాయనంతో ఒకదానికొకటి కట్టేసే పద్ధతిని, వదిలేయకండి. డీఎస్ఎస్, బీఎస్3, డీఎస్‌పీ, ఈడీసీ అన్న రీఏజెంట్ల (అలా కట్టేసే రసాయనాల) పేర్లు చూస్తేనే టెన్షన్ వస్తుంది, నిజమే. నేను మాత్రం పేర్లు బట్టీ పట్టడం మానేసి, ప్రతి రీఏజెంట్ దగ్గరా అది ఏ గ్రూపుతో కలుస్తుంది, ఎంత దూరం అందుతుంది, తర్వాత తెంచవచ్చా అని చూసుకుంటూ వెళ్లాను.

డీఎస్ఎస్‌కి రెండు చివర్లా ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్లు అనే చురుకైన గ్రూపులుంటాయి, అవి ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం అమైన్‌లతో కలుస్తాయి. స్పేసర్ (రెండు చివర్లనీ కలిపే మధ్య భాగం) పొడవు 11.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. బీఎస్3 కూడా అంతే పొడవు, కానీ నీళ్లలో కరుగుతుంది, కణ పొర దాటదు. కాబట్టి కణం ఉపరితలం మీది ప్రోటీన్ల గురించి అడిగితే జవాబు బీఎస్3. ట్రిస్ బఫర్ ఎందుకు వాడకూడదో కూడా ఇక్కడే తెలుస్తుంది: అందులోనూ ప్రైమరీ అమైన్ ఉంది, రీఏజెంట్‌ని అదే తినేస్తుంది. చివర్లో రియాక్షన్ ఆపడానికి మాత్రం ఆ ట్రిస్సే పనికొస్తుంది.

ఎక్కువ టైమ్ జెల్ ప్రశ్నలకే ఇవ్వండి, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. ప్రోటీన్ ఎ బరువు 40 కిలోడాల్టన్లు, ప్రోటీన్ బి 25 అనుకోండి. డీఎస్‌పీతో కలిపి, రెడ్యూసింగ్ ఏజెంట్ (డైసల్ఫైడ్ బంధాల్ని తెంచేది) లేకుండా ఎస్‌డీఎస్ జెల్ (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసేది) నడిపితే 65 దగ్గర కొత్త బ్యాండ్. బీటా మెర్కాప్టోఇథనాల్ అనే రెడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే అది పోయి మళ్లీ 40, 25 వస్తాయి, ఎందుకంటే డీఎస్‌పీ మధ్యలో డైసల్ఫైడ్ ఉంది. డీఎస్ఎస్ వాడితే 65 అలాగే ఉండిపోతుంది. ఇక డయాగనల్ జెల్: మొదటి దిశలో రెడ్యూస్ చేయకుండా, రెండో దిశలో చేసి నడుపుతారు. మామూలు ప్రోటీన్లు కర్ణం మీద పడతాయి. జతకట్టినవి విడిపోయి, కర్ణానికి కింద, ఒకే నిలువు గీతలో కనిపిస్తాయి. ఈ బొమ్మని పుస్తకం మూసి కాగితం మీద గీయండి. గీయగలిగితే ఈ ప్రశ్న ఎలా తిప్పి అడిగినా చేసేస్తారు.

ఫార్మాల్డిహైడ్‌కి ఒక్క ముక్క చాలు: చాలా దగ్గరున్నవాటినే కలుపుతుంది, వేడి చేస్తే విడిపోతుంది.

ఆప్షన్లలో "క్రాస్ లింక్ అయ్యాయి కాబట్టి రెండు ప్రోటీన్లూ నేరుగా తాకుతున్నాయి" అని ఉంటే, ముందు ఏ రీఏజెంట్ వాడారో చూడండి. డీఎస్ఎస్ అయితే స్పేసర్‌కి రెండు లైసిన్ల పక్క గొలుసులు కూడా తోడవుతాయి, ఆల్ఫా కార్బన్ల మధ్య సుమారు 30 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఒప్పుకుంటారు. నేరుగా తాకుతున్నాయని దాన్నిబట్టి చెప్పలేం. ఈడీసీ స్పేసర్ ఏమీ మిగల్చకుండా కార్బాక్సిల్‌ని అమైన్‌కి కలుపుతుంది కాబట్టి, అక్కడ ఆ ఆప్షన్‌కి బలం ఎక్కువ.