నిలవని ప్లస్ టూ

నిన్న సాయంత్రం నా కోడ్ మార్పు మాస్టర్ బ్రాంచిలో, అంటే అందరి కోడ్ చేరే ప్రధాన శాఖలో కలిసింది. 40 వరుసల కోడ్‌కి 11 ప్యాచ్‌సెట్లు (అదే మార్పుకు మళ్లీ మళ్లీ పంపిన ప్రతులు), మూడు వారాలు పట్టాయి. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

కోడ్ రాయడం ఒక పూట పని. టెస్టులు మరో పూట. కోడ్ సమీక్షకు మేం వాడే గెరిట్‌లో మొదటి విడత వచ్చిన వ్యాఖ్యలన్నీ న్యాయమైనవే, సరిచేశాను. మా సీనియర్ ఒకాయన +2 ఇచ్చారు, అంటే ఇక కలపొచ్చని ఆమోదం. ఇక సబ్‌మిట్ నొక్కడమే తరువాయి.

నొక్కేలోగా వేరెవరిదో మార్పు ముందు కలిసింది. మా ప్రాజెక్టులో ఫాస్ట్ ఫార్వర్డ్ తప్ప మరో దారి లేదు, అంటే తాజా మాస్టర్ మీద నేరుగా పేర్చిన మార్పే కలుస్తుంది, కాబట్టి నాదాన్ని దాని మీదికి ఎత్తిపెట్టి (రీబేస్) కొత్త ప్యాచ్‌సెట్‌గా పంపాల్సిందే. చేశాను. నా కోడ్‌లో అక్షరం కూడా మారలేదు, +2 మాత్రం మాయమైంది. పరిష్కరించిన వ్యాఖ్యలు పరిష్కారమైనట్టే ఉన్నాయి, ఆమోదమే లేదు. మళ్లీ అడిగాను, ఇచ్చారు. ఆయన ఇచ్చిన గంటకే మరొకరి మార్పు కలిసింది.

ఐదోసారి ఆయన దగ్గరికి వెళ్లేసరికి పక్కన ముగ్గురు కొత్త పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆయన స్క్రీను నా వైపు తిప్పారు. "ఏం మారిందో మీరే చూపించండి" అన్నారు. ఆరో ప్యాచ్‌సెట్‌నీ ఏడోదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఫైళ్లలో తేడా ఏమీ లేదు. "ఏమీ మారలేదండీ" అన్నాను. "మారకపోతే మళ్లీ ఎందుకు వచ్చారు?" పిల్లల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక నీళ్ల సీసా ఎత్తుకున్నాడు. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, పెద్ద పెద్ద విడుదలలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అసలు సంగతి మరొకాయన పుణ్యమా అని బయటపడింది. ఆయన ఏదో పొరబడి నాకు -2, అంటే కలపనివ్వని అడ్డు ఓటు, కొట్టి సెలవు మీద వెళ్లారు. ఎన్ని రీబేస్‌లు చేసినా ఆ -2 బంకలా పట్టుకునే ఉంది! మెచ్చుకోలు జారిపోయి తిట్టు మాత్రం నిలిచిందంటే ఎవరో కావాలనే అలా రాసిపెట్టి ఉండాలి కదా?

రాసిపెట్టారు. ప్రాజెక్టు సెట్టింగులుండే ప్రాజెక్ట్.కాన్ఫిగ్ ఫైలులో కోడ్ రివ్యూ లేబుల్ (ఈ +2, -2 ఓట్ల పద్దు) కింద కాపీకండిషన్ అనే వరుస ఉంటుంది. పాత ప్యాచ్‌సెట్ మీది ఓట్లలో ఏవి కొత్తదానికి రావాలో అదే చెబుతుంది. మాదాంట్లో ఉన్నది ఒకే మాట: ఈజ్ మిన్. అంటే అతి తక్కువ ఓటు, -2, మాత్రమే దాటుతుంది. కోడ్ మారకుండా జరిగే రీబేస్‌ను గెరిట్ ట్రివియల్ రీబేస్‌గా గుర్తిస్తుంది. కమిట్ సందేశం ఒక్కటే మారితే నో కోడ్ ఛేంజ్ అంటుంది. ఈ రెంటినీ ఆ వరుసలో చేరిస్తే +2 కూడా నిలుస్తుంది. కోడ్ నిజంగా మారితే ఓటు పోవాలి, అందులో నాకు పేచీ లేదు. టెస్టుల ఓటు సంగతి వేరు, దాన్ని మోసుకురావద్దు. కింద పునాది మారింది కాబట్టి మళ్లీ నడపాల్సిందే.

సర్వర్ చూసే బృందానికి టికెట్ పెడితే "సరిగ్గానే పనిచేస్తోంది" అని మూసేశారు. వాళ్లకు టికెట్ పెట్టి కూర్చోకండి. ఆ ఫైలు కూడా మన కోడ్ ఉండే గిట్‌లోనే, రెఫ్స్ మెటా కాన్ఫిగ్ అనే బ్రాంచిలో ఉంటుంది. మీరే మార్చి రివ్యూకి పంపండి.

నేను అదే చేశాను. దానికీ +2 కావాలి మరి! మళ్లీ ఆ సీనియర్ దగ్గరికే వెళ్లాను. ఈసారి ఆయనే నవ్వి ఇచ్చారు. ఇచ్చాక చూస్తే కమిట్ సందేశంలో స్పెల్లింగు తప్పు కనిపించింది. దిద్దితే ఆ +2 కూడా పోతుంది. దిద్దకుండానే సబ్‌మిట్ నొక్కేశాను. ఆ తప్పు ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.