ఐదు అనగానే వెనక్కి తిరగాలి

శనివారం మూడు అల్టిమేట్ ఫ్రిస్బీ మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడిపోయాం. బూట్లు విప్పేసి లైన్ బయట కూర్చుని నా లెక్కల పుస్తకం తీశాను. ఈ సీజన్ మొదటి నుంచి మా టర్నోవర్లన్నీ, అంటే డిస్క్ అవతలి జట్టుకి పోయిన ప్రతిసారీ, అందులో రాస్తున్నాను. ఎవరి చేతిలో పోయిందో రాయను, ఎదురుగా నిలబడి కాసే మార్కర్ ఎంతవరకు లెక్కపెట్టాక పోయిందో రాస్తాను. పేర్లు రాస్తే జట్టులో గొడవలు తప్ప ఏమీ మిగలవు. చీలమండ బెణికి సగం పాయింట్లు బయటే ఉన్నాను కాబట్టి ఈసారి లెక్క శుభ్రంగా ఉంది. మొత్తం 41 టర్నోవర్లు. అందులో 23 కౌంట్ ఏడు దాటాక పోయినవే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అల్టిమేట్ అంటే గాల్లో ఎగిరే ప్లాస్టిక్ పళ్లెంతో, అంటే డిస్క్‌తో ఆడే ఆట. మైదానం మీద జట్టుకు ఏడుగురు. డిస్క్ పట్టుకున్నవాడు దాంతో పరిగెత్తకూడదు. ఒక కాలు కదపకుండా, రెండో కాలితో అటూ ఇటూ తిరుగుతూ త్రో వెయ్యాలి. ఎదురుగా నిలబడ్డ మార్కర్ పైకి వినపడేలా పదిదాకా లెక్కపెడతాడు. పది అనడం మొదలయ్యేలోపు డిస్క్ చెయ్యి వదలకపోతే అది అవతలి జట్టుది. కింద పడినా, లైన్ దాటినా, అవతలివాళ్లు పట్టినా అంతే.

శనివారం గాలి మైదానం పొడవునా వీచింది. ఇలాంటి రోజు ఆట చిత్రంగా మారిపోతుంది. గోల్ కొట్టిన (అవతలి చివరి భాగంలో డిస్క్ పట్టిన) జట్టు ఆ చివరే ఉండిపోయి అక్కడి నుంచి పుల్, అంటే తర్వాతి పాయింట్ మొదలుపెట్టే త్రో, వేస్తుంది కాబట్టి, గాలివాటున మనం ఒకటి కొడితే తర్వాత గాలివాటు వాళ్లది. ఇలా చెరొకటి కొట్టుకుంటూ పోతాం. ఎదురుగాలిలో ఎవరు ఒకటి కొడితే మ్యాచ్ వాళ్ల వైపు ఒరుగుతుంది. మేము మూడు మ్యాచ్‌ల్లో కలిపి ఎదురుగాలిలో ఒక్కటే కొట్టాం.

డిస్క్ బరువు 175 గ్రాములే. ఎదురుగాలిలో దాని ముందు అంచు కాస్త పైకి లేచిందంటే అది పైకి పోయి, ఆగి, వెనక్కి వచ్చేస్తుంది. గాలివాటున దీనికి తిరుగుడు: తేలకుండా ముందే కిందికి జారిపోతుంది. కాబట్టి ఎదురుగాలిలో ముందు అంచు కొంచెం దించి, మోకాలి ఎత్తు నుంచి, మణికట్టుతో బాగా స్పిన్ ఇచ్చి వెయ్యాలి. బలంగా విసిరితే చాలనుకుంటారు కొత్తవాళ్లు. బలం కంటే స్పిన్ ముఖ్యం. ఇది మావాళ్లందరికీ తెలుసు, ప్రాక్టీస్‌లో వేస్తారు కూడా. కౌంట్ ఎనిమిదికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అసలు జబ్బు అక్కడే ఉంది. లైన్ బయటి నుంచి చూస్తే స్పష్టంగా కనపడింది. మా హ్యాండ్లర్, అంటే పాస్ వేసేవాడు, డిస్క్ పట్టుకుని ముందుకే చూస్తాడు. మూడు, నాలుగు. పాస్ కోసం ఖాళీలోకి పరిగెత్తే కట్టర్ ఒకడు వచ్చాడు, దారి మూసుకుపోయింది. ఐదు, ఆరు. ఇంకో కట్టర్ కోసం చూపు అటే. ఏడు అనగానే భుజాలు బిగుసుకుంటాయి, డిస్క్ పట్టిన వేళ్లు తెల్లబడతాయి. అప్పుడు గుర్తొస్తాడు దగ్గరి పాస్ కోసం వెనక నిలబడ్డ డంప్. తిరిగేసరికి డంప్‌ని కాస్తున్నవాడు దారిలోకి వచ్చేసి ఉంటాడు. ఇంక మిగిలింది హక్, అంటే పొడుగు త్రో, ఒక్కటే. ఎదురుగాలిలో ఎనిమిదో కౌంట్ మీద హక్ వేయడమంటే డిస్క్‌ని వాళ్ల చేతికిచ్చి దండం పెట్టినట్టే.

సాయంత్రం పుస్తకం కెప్టెన్‌కి చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, రేపు ఒక్కటే రూల్. ఐదు వినపడగానే వెనక్కి తిరగాలి. ముందు ఎంత మంచి కట్ వస్తున్నా సరే" అంది. ఒక జూనియర్, "అక్కా, అప్పుడే కట్ ఖాళీ అయితే?" అన్నాడు. "పోనీ. డంప్ నుంచి మళ్లీ కొత్త పది సెకన్లు వస్తాయి కదా."

వెలుగు పోయేలోపు ఇరవై నిమిషాలు అదే చేశాం. ముగ్గురేసి: హ్యాండ్లర్, మార్కర్, డంప్. మార్కర్ నాలుగు నుంచి మొదలుపెడతాడు. ఐదుకి హ్యాండ్లర్ తల తిప్పితే చాలదు, తుంటితో సహా మొత్తం ఒళ్లు తిరగాలి. తల మాత్రమే తిప్పితే డంప్‌కి నమ్మకం కలగదు, కదలడు. డంప్ ఐదారు మీటర్ల దూరంలో, పక్కకి కొంచెం వెనగ్గా నిలబడి, కళ్లు కలిశాకే కదలాలి. ముందే కదిలితే ఖాళీ చోటుని తనే తినేస్తాడు. మొదటి పది సార్లు నవ్వులపాలే. తర్వాత కుదిరింది.

ఆదివారం రెండు మ్యాచ్‌లు. మొదటిది 11-8 గెలిచాం. అవతలి జట్టు మనిషిని కాకుండా చోటుని కాసే జోన్‌కి దిగి, డిస్క్ చుట్టూ ముగ్గురితో కప్ కట్టింది. శనివారం అయితే ఆ కప్ మీదుగా హ్యామర్ (తల మీది నుంచి వేసే త్రో) వెయ్యబోయి పోగొట్టేవాళ్లం. ఈసారి డంప్, అక్కడి నుంచి అవతలి అంచుకి స్వింగ్, మళ్లీ డంప్. కప్ అటూ ఇటూ పరిగెత్తి అలిసిపోయింది. ఒక పాయింట్‌కి నేను లెక్కపెట్టినవి 31 పాస్‌లు. చూడ్డానికి విసుగే, ఒప్పుకుంటాను. కానీ అది ఎదురుగాలి పాయింట్.

రెండోది 9-10తో ఓడిపోయాం. రెండు మ్యాచ్‌లకీ కలిపి 22 టర్నోవర్లు, ఏడు దాటాక పోయినవి 5. ఘనతంతా కొత్త రూల్‌దే అనను. మధ్యాహ్నానికి గాలి కూడా తగ్గింది.

ఓడిన మ్యాచ్‌లో ఒక పిక్ గొడవ ఉంది. ఈ ఆటకి రెఫరీ ఉండడు, ఆడేవాళ్లే కాల్ చేసుకోవాలి. నువ్వు కాస్తున్నవాడికి 3 మీటర్లలోపు ఉండి, మధ్యలో ఇంకొకరు అడ్డొచ్చి ఆగిపోతే అది పిక్. మావాడు బాగా వెనకబడి, పదడుగులకు పైగా దూరంలో ఉండి 'పిక్' అని అరిచాడు. అప్పటికే వాళ్లు గోల్ పట్టేశారు. వాళ్లు దూరం సంగతి అడిగితే మావాడు గొంతు పెంచాడు. రెండు నిమిషాలు ఆట ఆగింది. చివరికి కెప్టెన్ లోపలికి వెళ్లి అతన్ని పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పింది. అతను తిరిగొచ్చి కాల్ వెనక్కి తీసుకున్నాడు, గోల్ వాళ్లకే. ఆ ఒక్క పాయింట్ తేడాతోనే ఓడాం. మావాళ్లలో ఇద్దరు ఇంకా గొణుగుతున్నారు. నా మటుకు నాకు అది వాళ్ల గోలే.

స్పిరిట్ స్కోర్‌లో, అంటే ఎంత న్యాయంగా ఆడామో అవతలి జట్టు ఇచ్చే మార్కుల్లో, మాత్రం అది కనపడింది. ఐదు విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 4. మామూలుగా ఆడితే రెండేసి చొప్పున పది వస్తాయి. ఆ జట్టు మాకు 9 ఇచ్చింది, కమ్యూనికేషన్‌లో 1. తిట్టుకోవడానికి ఏమీ లేదు. మాలో సగం మందికి రూల్స్ చదివే అలవాటు లేదు, బెంచ్ మీద విన్నవే రూల్స్ అనుకుంటారు.

ఇక మిగిలిపోయిన పని. ఆదివారం ఏడు దాటాక పోయిన ఆ అయిదింటిలో నాలుగు ఒకేలా పోయాయి: మార్కర్ బ్యాక్‌హ్యాండ్ మూసి, డంప్ ఫోర్‌హ్యాండ్ వైపు ఉన్నప్పుడు. ఒళ్లు తిప్పాక అటువైపు కాలు చాచడానికి మావాళ్లకి అలవాటు లేదు, నిలువుగా నిలబడే వేస్తున్నారు, డిస్క్ మార్కర్ చేతికి తగులుతోంది. మంగళవారం ప్రాక్టీస్‌లో మొదటి పావుగంట అదే. లెక్కపెట్టే డ్యూటీ మళ్లీ నాదే, చీలమండ వాపు ఇంకా దిగలేదు.