నీళ్ళు తోడేస్తే సరిపోతుందా?

రాత్రి భోజనాల దగ్గర బావగారు అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. "ఆ పీట్ చిత్తడి నేలలు భూమిని వేడెక్కించే మీథేన్ వదులుతాయంటున్నావుగా, నీళ్ళు తోడేసి ఎండగడితే పోలా?" అనేసి పెరుగు కలుపుకున్నారు. అమ్మ ముందు వాదన ఎందుకని ఊరుకున్నాను. నిద్ర పట్టడం లేదు.

పీట్ నేలలంటే నీళ్ళలో మునిగిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్నవి. భూభాగంలో 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ వాటిలోనే ఉంది. ఎండగడితే గాలి తగిలి అది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. నిప్పంటుకుంటే ఇక ఆపలేం. 2015లో ఇండోనేషియాలో కాలువలు తవ్వి ఆరబెట్టిన పీట్ వారాల తరబడి కాలింది, పొగ సింగపూర్ దాకా పోయింది. ఇంత జరిగాక కూడా "ఎండగడితే పోలా" అంటే ఒళ్ళు మండదా?

ఆ మీథేన్ చేసేవి బాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే రకం సూక్ష్మజీవులు. గాలి చొరబడని చోటే వాటి బతుకు. మిగతా సూక్ష్మజీవులు వదిలిన హైడ్రోజన్, అసిటేట్ లాంటివే వాటి తిండి. పైన స్ఫాగ్నం నాచులో ఆ మీథేన్‌లో కొంత తినేసే బాక్టీరియా ఉంటాయి. ఈ సంగతి నాకెంతో ఇష్టం.

మా తాతయ్య చేలోనూ ఈ ఆర్కియానే. కలుపు తీసేటప్పుడు బురదలో కాలు దిగితే పిక్కల చుట్టూ బుడబుడమని బుడగలు లేచేవి. నేను కావాలని అక్కడే తొక్కుతుంటే నారు నలుగుతుందని పిన్ని కేకలేసేది. నిజానికి ఆ గ్యాస్ ఎక్కువగా పోయేది బుడగల్లో కాదు, వరి కాడల్లోంచి. పిలకలు వేశాక తాతయ్య గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదిలేసేవాడు, వేళ్ళు గట్టిపడాలని. నేల సన్నగా నెర్రెలిచ్చాకే మళ్ళీ తడి.

ఇప్పుడు తడి-పొడి పద్ధతి అంటున్నదీ దాదాపు అదే. మీథేన్ మూడో వంతు, ఒక్కోసారి సగం కూడా తగ్గుతుంది.

అంటే వరి చేలో బావగారి మాట సగం నిజమే. ఇది రాస్తుంటేనే తట్టింది, కోపం కొంచెం దిగింది. కానీ మడిలో వేల ఏళ్ళ పీట్ దాచి లేదు కదా! స్కాట్లాండ్‌లో ఫ్లో కంట్రీ అని పెద్ద పీట్ ప్రాంతం ఉంది. చెట్లు పెంచడానికని 1980ల్లో కాలువలు తవ్వి ఆరబెట్టిన చోట్ల, ఇప్పుడు ఆ చెట్లు కొట్టేసి, కాలువలకు అడ్డుకట్టలు వేసి మళ్ళీ నీళ్ళు నిలబెడుతున్నారు. తడిస్తే మీథేన్ పెరుగుతుందని తెలిసే చేస్తున్నారు. మీథేన్ గాల్లో పన్నెండేళ్ళ లెక్కన కరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ తరాల తరబడి ఉండిపోతుంది.